తెల్లబట్ట, దురద: భార్యాభర్తలు తెలుసుకోవలసిన సంగతులు

కాలిలో ముల్లు దిగితే నలుగురికీ చూపిస్తాం. కన్ను ఎర్రబడితే పక్కింటివాళ్ళు కూడా మందు చెబుతారు. కాని మర్మస్థానంలో దురద, మంట వస్తే మాత్రం నోరు విప్పం. భార్య భర్తకు చెప్పదు. భర్త డాక్టరుకు చెప్పడు. "వేడి చేసిందిలే" అని సరిపెట్టుకుంటారు. నెలలు గడుస్తాయి. బాధ అలాగే ఉంటుంది. అది చాలదన్నట్టు ఇంట్లో అనుమానాలు, అలకలు మొదలవుతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇద్దరు బిడ్డల తల్లి ఒకామె ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. చిన్నబిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు. ఆమె లూప్, అంటే కాపర్-టి, వేయించుకుని ఎనిమిది నెలలయింది.

"ఈ లూపు తీసెయ్యండమ్మా, నాకొద్దు" అంది.

"ఎందుకమ్మా? రక్తం ఎక్కువ పోతోందా? కడుపులో నొప్పా?" అని డాక్టరమ్మ అడిగింది.

"అదేం లేదండి. తెల్లబట్ట అవుతోంది. ఒకటే దురద. రాత్రిళ్ళు నిద్ర లేదు. లూపు వల్లే అని మా అత్త అంటోంది. మా ఇంటాయన ఇంకోలా అంటున్నాడు" అని తల దించుకుంది.

"ఈమధ్య దేనికైనా మందులు మింగావా?"

"కోతల్లో కొడవలి తెగి చీము పట్టింది. వారం రోజులు బిళ్ళలు మింగాను. అది మానింది, ఇది పట్టుకుంది."

డాక్టరమ్మ పరీక్ష చేసింది. లూప్ ఉండవలసిన చోటే ఉంది. దానిలో ఏ దోషమూ లేదు. ఆమెకు వచ్చింది ఈస్ట్ అనే ఒక రకం బూజు పెరగడం వల్ల కలిగే జబ్బు. రాత్రిపూట లోపల పెట్టుకునే మందు బిళ్ళలు ఇచ్చి, మర్నాడు భర్తను కూడా పిలిపించి సంగతి విప్పి చెప్పారు. వారంలో దురద పోయింది. లూప్ తీసేసి ఉంటే దురద తగ్గేది కాదు. మళ్ళీ కడుపు మాత్రం వచ్చేదేమో!

అందుకే ఈ జబ్బు గుర్తులు భార్యకూ, భర్తకూ ఇద్దరికీ తెలియాలి.

ఈస్ట్ అంటే ఏమిటి?

తాటికల్లు దించిన కాసేపటికే నురగ కట్టి పులుస్తుంది. అందుకు కారణం కంటికి కనబడని సన్నటి జీవులు. వాటినే ఈస్ట్ అంటారు. ఇవి బూజు, పుట్టగొడుగుల జాతికి చెందినవి. ఈస్ట్‌లో ఎన్నో రకాలున్నాయి. మన శరీరంలో ఉండే రకం పేరు కాండిడా. ఇది చాలామందికి నోటిలోనూ, పేగుల్లోనూ, స్త్రీలకు యోనిలోనూ కొద్దిగా ఉంటుంది. కొద్దిగా ఉన్నంతవరకు ఏ హానీ చెయ్యదు.

యోనిలో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులకు ఇవి దగ్గర చుట్టాలు. ఇవి అక్కడ ఒకవిధమైన పులుపును తయారుచేసి, చెడ్డ క్రిములు పెరగకుండా కాపాడతాయి. వరి ఒత్తుగా, ఆరోగ్యంగా ఉన్న మడిలో కలుపు తల ఎత్తలేదు. పైరు దెబ్బతింటే అదే మడిలో కలుపు కమ్ముకుంటుంది. ఇదీ అంతే. మేలుచేసే జీవులు తగ్గినప్పుడో, శరీరంలో ఇతర మార్పులు వచ్చినప్పుడో, ఎప్పటినుంచో ఉన్న ఈస్ట్ ఒక్కసారిగా పెరిగిపోతుంది.

ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఈ జబ్బు వస్తుంది. ఇది మురికిగా ఉండడం వల్ల వచ్చేది కాదు. చెడు నడత వల్ల వచ్చేది అంతకన్నా కాదు. పెళ్ళికాని పిల్లలకూ రావచ్చు. దీనికి సిగ్గుపడవలసిన పని లేదు.

తెల్లబట్ట అంతా జబ్బేనా?

కాదు. కంటికి తడి ఎలాగో యోనికీ కొంత తడి అవసరం. ప్రతి ఆరోగ్యవంతురాలికీ కొద్దిగా తెల్లబట్ట ఉంటుంది. నెలసరికీ నెలసరికీ మధ్య కొన్ని రోజులు అది పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలాగా జారుడుగా, సాగేటట్టుగా ఉంటుంది. అండం విడుదలయ్యే రోజులకు అది గుర్తు. అంటే ఆ రోజుల్లో కలిస్తే గర్భం వచ్చే అవకాశం ఎక్కువ. గర్భిణీ స్త్రీలకు తెల్లబట్ట మామూలుగానే కొంచెం ఎక్కువ అవుతుంది. దురద, మంట, దుర్వాసన లేనప్పుడు వీటికి మందు అక్కరలేదు.

తెల్లబట్టలో ఎముకల సారం కరిగి పోతుందనీ, అందుకే నడుము లాగుతుందనీ కొందరి నమ్మకం. ఇది నిజం కాదు. ఎముకలు కరిగి ఆ దారిన రావు. నీరసం, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే రక్తం తక్కువగా ఉందేమో చూపించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. దానికి చేయవలసింది రక్తపరీక్ష, వాడవలసింది ఐరన్ మాత్రలు.

ఈస్ట్ జబ్బు గుర్తులు

ఈ గుర్తులు జాగ్రత్తగా చదవండి. చదవడం రాని చెల్లెలికి చదివి వినిపించండి.

1. దురద: ఇది ముఖ్యమైన గుర్తు. యోని లోపల, వెలుపల విపరీతమైన దురద. చాలామందికి నెలసరి వచ్చే ముందు వారంలో ఎక్కువవుతుంది.

2. తెల్లబట్ట తీరు: తెల్లగా, చిక్కగా, పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా అవుతుంది. కొందరికి పల్చగా ఉండవచ్చు. కొందరికి తెల్లబట్ట ఎక్కువ కాకుండా దురద మాత్రమే ఉండవచ్చు.

3. వాసన: చెడు వాసన ఉండదు. ఈ గుర్తు బాగా జ్ఞాపకం ఉంచుకోండి.

4. మంట: మూత్రం పోసేటప్పుడు బయటి చర్మానికి తగిలి చుర్రుమంటుంది.

5. వాపు, ఎరుపు: బయటి పెదవులు ఎర్రబడి వాస్తాయి. గోకినచోట చర్మం చిట్లుతుంది.

6. కలయికలో నొప్పి: భార్య వద్దంటే అందుకు ఇది కారణం కావచ్చు. భర్త అర్థం చేసుకోవాలి.

ఈ గుర్తులున్నా ఈస్ట్ అని మీరే నిశ్చయించుకోవద్దు. వేరే జబ్బులకూ కొన్ని గుర్తులు ఇలాగే ఉంటాయి. డాక్టరు పరీక్ష చేసి, అవసరమైతే ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేలిపోతుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి

ఈ కింది వాటికి కారణం ఈస్ట్ కాకపోవచ్చు. వెంటనే ఆరోగ్య కేంద్రానికి రండి.

పల్చగా, బూడిద రంగులో, చేపల నీచు వాసనతో తెల్లబట్ట అయితే అది మరొక రకం క్రిముల వల్ల వచ్చే జబ్బు. దానికి మందు వేరు.

పసుపుగా గాని ఆకుపచ్చగా గాని, నురగతో, దుర్వాసనతో అయితే అది కలయిక వల్ల ఒకరినుంచి ఒకరికి అంటే జబ్బు కావచ్చు. దీనికి భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు తీసుకోవలసి ఉంటుంది. ఒకరే తీసుకుంటే మళ్ళీ అంటుకుంటుంది.

పొత్తికడుపులో నొప్పి, జ్వరం, చీము వంటి మైల ఉంటే జబ్బు గర్భసంచి దాకా పాకి ఉండవచ్చు. అశ్రద్ధ చేస్తే తరువాత పిల్లలు పుట్టకుండా పోయే ప్రమాదం ఉంది.

నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించడం, కలయిక తరువాత రక్తం రావడం, ముట్లుడిగిన తరువాత మళ్ళీ రక్తం గాని దుర్వాసనతో నీరు గాని కావడం: ఇవి గర్భాశయ ముఖద్వారం కాన్సర్ గుర్తులు కూడా కావచ్చు. తొలిదశలో పట్టుకుంటే ఇది నయమయ్యే జబ్బు. ఏ బాధా లేకపోయినా 30 ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీ ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

యాంటీబయాటిక్ మందులు వాడినవారికి: జ్వరానికో, చీముకో వాడిన మందు చెడ్డ క్రిములతోబాటు మేలుచేసే వాటినీ చంపుతుంది. ఈస్ట్‌ను మాత్రం అది ఏమీ చెయ్యలేదు. మడి ఖాళీ అయింది, కలుపు లేచింది. ఇంతకుముందు చెప్పిన ఆమెకు జరిగింది ఇదే. అలాగని డాక్టరు రాసిన మందు మధ్యలో మానకండి. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ సూది వెయ్యమని అడగకండి.

గర్భిణీ స్త్రీలకు: శరీరంలోని హార్మోన్ల మార్పు వల్ల వస్తుంది. కాన్పు తరువాత చాలామందికి తగ్గిపోతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారికి: రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఈస్ట్ బాగా పెరుగుతుంది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఈ దురద తిరగబెడితే తప్పక చక్కెర పరీక్ష చేయించుకోండి. తనకు చక్కెర వ్యాధి ఉన్నదని ఈ దురద వల్లనే మొదటిసారి తెలుసుకున్నవారు ఉన్నారు.

శరీరంలో రోగనిరోధక శక్తి తగ్గినవారికి: చాలాకాలం స్టెరాయిడ్ మందులు వాడినవారికీ, హెచ్.ఐ.వి. ఉన్నవారికీ ఇది మాటిమాటికీ వస్తుంది. అందుచేత పదేపదే వచ్చేవారికి డాక్టరు ఆ పరీక్ష కూడా చేయించమని చెప్పవచ్చు. భయపడి పారిపోకండి. దురద వచ్చినవారందరికీ హెచ్.ఐ.వి. ఉన్నదని కాదు.

కుటుంబ నియంత్రణ పద్ధతుల వల్ల వస్తుందా?

లూప్: లూప్ ఉన్నవారికీ ఈస్ట్ రావచ్చు, లేనివారికీ రావచ్చు. ఈస్ట్ వచ్చిందని లూప్ తీయించుకోనక్కరలేదు. లూప్ ఉండగానే మందు వాడవచ్చు. పదేపదే వస్తుంటే మాత్రం డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

నోటి మాత్రలు: ఎక్కువ మోతాదు హార్మోన్ ఉన్న మాత్రల వల్ల కొందరికి ఈస్ట్ పెరగవచ్చు. ఈనాటి మాలా-ఎన్ వంటి మాత్రల్లో ఆ మోతాదు తక్కువ. మీకు మీరే మాత్రలు మానకండి. మానితే దురద సంగతి ఎలా ఉన్నా గర్భం రావచ్చు. కేంద్రానికి వస్తే వేరే పద్ధతి చెబుతారు.

ఆపరేషన్: ట్యూబులు కట్టే ఆపరేషన్‌కూ, మగవారి వేసెక్టమీకీ ఈ జబ్బుతో ఏ సంబంధమూ లేదు. "ఆపరేషన్ వల్ల వేడి చేసింది" అన్నది వట్టి మాట.

నిరోధ్: నిరోధ్ వల్ల ఈస్ట్ రాదు. కాని ఒక ముఖ్య విషయం. ఈస్ట్‌కు వాడే క్రీములు, లోపల పెట్టుకునే బిళ్ళలు నిరోధ్ రబ్బరును బలహీనపరుస్తాయి. అది చిరిగిపోవచ్చు. అందుచేత మందు వాడే రోజుల్లోనూ, ఆ తరువాత ఒక అయిదు రోజులూ కలయిక మానుకోండి. కొబ్బరినూనె, వాజెలిన్ కూడా నిరోధ్‌ను పాడుచేస్తాయి.

భర్తలకు ఒక మాట

భార్యకు ఈ జబ్బు వచ్చిందంటే ఆమె నడతలో దోషం వెదకవద్దు. ఇది సాధారణంగా సుఖవ్యాధుల లెక్కలోకి రాదు. ఆమె శరీరంలో ముందునుంచీ ఉన్నదే పెరిగింది. అనుమానంతో ఒక మాట జారితే దాన్ని ఏ మందూ మాన్పలేదు.

మీకూ కొన్ని గుర్తులు కనిపించవచ్చు. అంగం ముందుభాగం ఎర్రబడడం, దురద, ముందుతోలు కింద తెల్లటి పొర: ఇవి ఉంటే మీరూ చూపించుకోండి, మందు వాడండి. ఏ గుర్తూ లేకపోతే మీకు మందు అక్కరలేదు. మగవారికి ఇది తరచు వస్తుంటే వారు కూడా చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

భార్యను ఆరోగ్య కేంద్రానికి ఒంటరిగా పంపకండి. వెంట రండి.

చికిత్స

వెనుకటి రోజుల్లో జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు పూసేవారు. బట్టలకు మరకలయ్యేవి. 1950 లో అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రాచెల్ బ్రౌన్ అనే ఇద్దరు స్త్రీ శాస్త్రజ్ఞులు, ఒక పాడిరైతు పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఈస్ట్‌ను చంపే నిస్టాటిన్ అనే మందును కనుగొన్నట్టు ప్రకటించారు. ఆ తరువాత మరింత తేలికగా వాడదగిన మందులు వచ్చాయి.

ఇప్పుడు సాధారణంగా క్లోట్రిమజోల్ బిళ్ళలు ఇస్తారు. ఇవి మింగేవి కావు. రాత్రి పడుకోబోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, బిళ్ళను వేలితో యోనిలోకి వీలైనంత లోపలికి పెట్టాలి. ఎన్ని రాత్రులు వాడాలో డాక్టరు చెబుతారు. రెండు రోజులకే దురద తగ్గినా చెప్పినన్ని రోజులూ వాడాలి. మధ్యలో ఆపితే మిగిలిన ఈస్ట్ మళ్ళీ పెరుగుతుంది.

మరికొందరికి ఫ్లూకొనజోల్ అనే మాత్ర 150 మిల్లీగ్రాములది ఒకేసారి మింగమని ఇస్తారు. గర్భిణీలు ఈ మాత్ర మింగకూడదు. నెల తప్పిందేమో అని అనుమానం ఉన్నా ముందే డాక్టరుకు చెప్పండి. వేరే జబ్బుకు మందులు వాడుతున్నా చెప్పండి. గర్భిణీలకు లోపల పెట్టుకునే బిళ్ళలు ఉన్నాయి, వాటిని డాక్టరు సలహాపై వాడవచ్చు.

వారం దాటినా తగ్గకపోతే మళ్ళీ రండి. అది ఈస్ట్ కాకపోవచ్చు.

ఏమి చెయ్యాలి? ఏమి చెయ్యకూడదు?

బయటి భాగాన్ని రోజూ మంచినీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపలి భాగాన్ని సబ్బుతో గాని డెట్టాల్‌తో గాని కడగవద్దు. మేలుచేసే జీవులు చచ్చిపోతాయి. పసుపు, వేపాకు ముద్ద, పెరుగు, వెల్లుల్లి లోపల పెట్టవద్దు. పుండ్లు పడతాయి.

నాట్లు వేసి వచ్చిన తరువాత, బట్టలు ఉతికిన తరువాత తడిచీరతోనే ఉండిపోవద్దు. పొడి బట్టలు కట్టుకోండి. లోదుస్తులు నూలువి వాడండి. నెలసరి గుడ్డలు సబ్బుతో ఉతికి, సిగ్గుపడి చీకటి మూల ఆరవెయ్యకుండా, మంచి ఎండలో ఆరెయ్యండి.

మందుల షాపులో "దురద మందు" అని అడిగి కొనుక్కోవద్దు. అలా ఇచ్చే కొన్ని ఆయింట్‌మెంట్లలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉండి, తరువాత జబ్బు ముదురుతుంది.

శరీరంలో ఇతర చోట్ల

చంటిబిడ్డల నాలుక మీద, బుగ్గల లోపల పాలమీగడ వంటి తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. పాల మరకైతే గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది పోదు. బలవంతంగా గీకితే కింద ఎర్రగా పుండు కనిపిస్తుంది. బిడ్డ పాలు తాగలేక ఏడుస్తుంది. తల్లి చనుమొనలు కూడా మంటపుట్టవచ్చు. గీకవద్దు, తేనె రాయవద్దు. బిడ్డను చూపించండి. తల్లిపాలు మాన్పనవసరం లేదు.

గజ్జల్లో, రొమ్ముల కింద, ఎప్పుడూ నీళ్ళలో నానే వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రబడి, తెల్లగా నాని, దురద పెట్టడం కూడా ఈస్ట్ వల్ల కావచ్చు. ఆ చోటును పొడిగా ఉంచి, డాక్టరు ఇచ్చిన మందు పూయాలి.

చివరగా

ఈ కాగితం ఇంటికి తీసుకువెళ్ళండి. రాత్రి అన్నాలయ్యాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదవండి. ఈ బాధ ఉన్నవారు రేపే మీ ఊరి ఆశా కార్యకర్తతోనో, ఏ.ఎన్.ఎం. తోనో చెప్పండి. ఆడవారికి ఆడవారితో చెప్పుకోవడం తేలిక. "తెల్లబట్ట, దురద" అన్న రెండు మాటలు చెబితే చాలు, మిగతావి వారే అడుగుతారు. మీరు చెప్పినది బయటికి పోదు.

లూప్ తీయించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, మీ హక్కు. కాని అసలు కారణం తెలుసుకున్న తరువాత నిర్ణయించుకోండి. కలుపు లేచిందని ఎవరూ చేను అమ్ముకోరు గదా! కలుపు తీయించుకుని పైరు నిలుపుకుంటారు.